కయ్యలు పెట్టుకుని మట్టి కొంటావా?

నెల్లూరు నుంచి తూర్పుగా బయల్దేరి తోటపల్లి గూడూరు మీదుగా కోడూరు సముద్రం దాకా పోతే దారిలో మూడు రకాల నేల కనిపిస్తుంది. మొదట పెన్న కాలువల కింద వరి కయ్యలు, తడిస్తే కాలి చెప్పు ఊడదీసుకునే నల్ల బంకమట్టి. తర్వాత రొయ్యల గుంటలు. ఆ పైన సరుగుడు తోపులు, ఇసుక. ఈ మూడింట్లో ఏదీ గడప దాటి వచ్చి హాల్లో సోఫా పక్కన కుండీలో కూర్చోవడానికి పుట్టిన మట్టి కాదు. అయినా ఊళ్లో డాబాలు లేచాయి, హాళ్లలోకి మొక్కలూ వచ్చాయి. నెల్లూరు బడిలో జీవశాస్త్రం చెప్పే ఒక అమ్మాయి, మేనమామ కొత్తింటికి మొక్కలతోపాటు ఒక మట్టి సంచి కూడా మోసుకొచ్చింది. మేనమామ వరి రైతు. సంచి మీద ధర చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత నడిచిన వాదన ఇది. నోరు ఊరుకోని చోట మధ్యలో నేనూ దూరాను.

మావయ్య: అమ్మే, ఇంటెనక అన్ని కయ్యలు పెట్టుకుని మట్టి కొంటావా? నలుగురూ వింటే నవ్వుతారు. పోనీ మట్టన్నా ఉండాదా అంటే అదీ లేదు. అంతా కొబ్బరి పొట్టు, మధ్యలో నాలుగు తెల్లగుళికలు.

మేనకోడలు: మట్టి లేదనే కొన్నాను మావయ్యా. ఆ తెల్లవి పెర్లైటు. రాయిని కొలిమిలో కాల్చి పొంగిస్తారు, మట్టిని గుల్లగా ఉంచడానికి. నీ కయ్య మట్టికి నేను వంక పెట్టను. కయ్యలో ఉన్నంతవరకూ దానికి తిరుగులేదు. ఎనిమిదంగుళాల కుండీలోకి ఎత్తావంటే మాత్రం ఆ మట్టే మొక్కకు ఊపిరాడనివ్వదు.

మావయ్య: కయ్యలో నెలల తరబడి నీళ్లు నిలబెడతాం. వరి చచ్చిందా?

మేనకోడలు: వరి వేరు లోపల గాలి పోయే దారులుంటాయి. ఆకు నుంచి కాండంలోకి, కాండం నుంచి వేరు కొస దాకా గాలి దిగుతుంది. నేను తెచ్చిన స్నేక్ ప్లాంటుకి, అరెకా పామ్‌కి ఆ వసతి లేదు. మట్టి రేణువుల సందుల్లో ఉన్న గాలే వాటి వేళ్లకు దిక్కు. ఆ సందులు నీళ్లతో నిండి అట్లాగే ఉండిపోతే వేరు నల్లబడి కుళ్లుతుంది.

మావయ్య: మరి మనీప్లాంటు సంగతేంది? మీ అత్త ఫ్రిజ్జు మీద సీసాలో పెట్టింది. మట్టీ లేదు, నీ గాలీ లేదు, ఉత్త నీళ్లు. కిటికీ దాకా పాకుతుండాది.

ఇది మంచి దెబ్బ. కుండీ మొక్కల గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు చాలామంది ఈ సీసా దగ్గరే తడబడతారు.

మేనకోడలు: సీసాలో పుట్టిన వేరు నీళ్లకు అలవాటు పడే పుడుతుంది. పైగా సీసాలో ఉన్నవి ఉత్త నీళ్లు. మూతి తెరిచి ఉంటుంది, అత్త వారానికోసారి మారుస్తుంది, కాబట్టి నీళ్లలో ప్రాణవాయువు కరిగి ఉంటుంది. తడిసి ముద్దయిన మట్టిలో అట్లా కాదు. ఎరువును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త గాలినీ ముందే వాడేసుకుంటాయి. మట్టిలో పుట్టిన వేరు ఆ బురదలో నిలవలేదు. కావాలంటే మనీప్లాంటుని సీసాలోనే ఉంచుకో, దాని మట్టి ఖర్చు సున్నా. నా గొడవ మిగతావాటి గురించి.

మావయ్య: కుండీ అడుగున బొక్కలుండాయి గదా. పైగా నేను అడుగున చిల్లపెంకులు, కంకరరాళ్లు రెండంగుళాలు పరుస్తాను. నీళ్లు కారిపోక ఏమవుతాయి?

మేనకోడలు: అందరూ చేసేదే, అందరూ పొరబడేదే. బొక్క మీద మట్టి జారకుండా ఒక్క పెంకు పెట్టు, చాలు. రాళ్లు పరిస్తే తడి తగ్గదు, వేళ్ల దగ్గరికి పైకి వస్తుంది. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి తీసుకో. పూర్తిగా ముంచి అరచేతిలో పడుకోబెట్టు. కాసేపు కారి ఆగుతుంది. ఆగిన తర్వాత దాన్నే నిలువుగా నిలబెట్టు, మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, నీళ్లూ అవే, మారింది ఎత్తు. కయ్యలో మట్టి కింద ఇంకా మట్టి ఉంటుంది, అది నీళ్లను కిందికి లాక్కుంటూనే పోతుంది. కుండీలో మట్టి ఎనిమిదంగుళాల దగ్గర ఆగిపోతుంది. ఆ అడుగున కొంత మందాన నీళ్లు దిగకుండా వేలాడుతూ ఉంటాయి. గరుకు మట్టిలో ఆ మందం అంగుళం ఉంటుందేమో, నీ బంకమట్టిలో కుండీ మొత్తం అదే. రాళ్లు పరిచి నువ్వు ఎనిమిదంగుళాల మట్టిని ఆరంగుళాలు చేస్తున్నావు, అంతే.

మావయ్య: తులసికోటలో ఉండేదీ మన కయ్య మట్టే. మీ అమ్మమ్మ నాటింది. దానికి లేని రోగం ఈ మొక్కలకెందుకు?

మేనకోడలు: తులసికోట నడుం ఎత్తు ఉంటుంది, దాని అడుగు నేలకి ఆనుకుని ఉంటుంది. అది కుండీ కాదు, నేలకి పొడిగింపు. పైగా పొద్దున్నుంచి ఎండ, సాయంత్రం సముద్రపు గాలి. పోసిన చెంబుడు నీళ్లు మధ్యాహ్నానికి తాగేస్తుంది. హాల్లో ఉన్న మొక్కకు వెలుతురు తక్కువ. వెలుతురు తక్కువైతే ఆకలి తక్కువ, దాహమూ తక్కువే. బయట ఒక్క రోజులో ఆరే కుండీ లోపల వారానికీ ఆరదు. అందుకే ఇంట్లో మొక్కకి మట్టి ఎంత బలమైనదన్నది తర్వాతి మాట. ముందు అది ఎంత గుల్లగా ఉందో చూడాలి.

ఇక్కడిదాకా మేనకోడలిదే పైచేయి. శాస్త్రం ఆమె పక్షాన ఉంది. అయితే వాదన డబ్బు మీదికి మళ్లేసరికి పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి గట్టిగా పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

మావయ్య: గాలి కొన్నానంటివి. నువ్వు కొన్నది నీళ్లమ్మే! ఐదు కిలోలంట. ఇందులో పొట్టెంత, నీళ్లెంత?

మేనకోడలు: అది ఒప్పుకుంటాను.

ఒప్పుకోక తప్పదు. మన దగ్గర కుండీ మట్టిని చాలావరకు కిలోల్లో అమ్ముతారు, కుండీ నిండేదేమో లీటర్లలో. అసలు మోసమంతా ఈ రెంటి మధ్య సందులో ఉంది. ఎనిమిదంగుళాల కుండీకి నాలుగైదు లీటర్ల మట్టి పడుతుంది. పొడి కొబ్బరి పొట్టు లీటరు వంద గ్రాములు కూడా తూగదు, కానీ తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్లు పట్టుకోగలదు. తడిపిన సంచి ఐదు కిలోలు రెండు మూడు కుండీలు నింపుతుంది. అదే పొట్టును ఎండబెట్టి ఇటుకలా నొక్కి అమ్మే ఐదు కిలోల దిమ్మ, బకెట్లో వేసి నీళ్లు పోస్తే పొంగి డెబ్భై లీటర్ల దాకా వస్తుంది, అంటే పదిహేను కుండీలు. రెండింటి మీదా అచ్చేసిన బరువు మాత్రం ఒకటే. ఎర్రమట్టి కలిపిన సంచులైతే ఇంకా అన్యాయం. లీటరు కిలో పైనే తూగే మట్టిని కొరియర్ ఖర్చు పెట్టి తెప్పించుకుంటున్నాం. కాబట్టి దుకాణంలో అడగాల్సింది “కిలో ఎంత” అని కాదు, “నా కుండీ ఎన్ని నిండుతాయి” అని. సంచి మీద లీటర్లు రాయని మట్టి కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మావయ్య: దిమ్మ మాత్రం ఎందుకు కొనడం? కొబ్బరి పీచు తీసే చోట పొట్టు గుట్టలు గుట్టలు పడుంటుంది. ట్రాక్టరు పెట్టుకుపోతే తోలుకోమంటారు.

మేనకోడలు: తోలుకో. కానీ తెచ్చి నేరుగా కుండీలో పోశావంటే మొక్క ఆకుల కొసలు మాడతాయి. పచ్చి పొట్టులో ఉప్పుంటుంది. కొబ్బరి చెట్టు పొటాషియాన్నీ సోడియాన్నీ తొక్కలో దాచుకుంటుంది, సముద్రం పక్క చెట్టయితే మరీనూ. కేరళలో పీచు మెత్తబడటానికి తొక్కల్ని నెలల తరబడి ఉప్పుటేటి నీళ్లలో నానబెట్టే పద్ధతి ఉంది, ఆ పొట్టుకి ఆ ఉప్పు అదనం.

మావయ్య: ఉప్పు సంగతి నాకు చెప్తావా? పక్కన రొయ్యల గుంటలు లేచినాక ఎన్ని కయ్యలు చౌడు దేలినాయో నీకంటే నాకు తెలుసు. గుంట ఎండగట్టినప్పుడు తీసిన బురద చూడను నల్లగా ఎరువు మాదిరే ఉంటుంది. అది కుండీలో పోసి మొక్కను చంపుకున్నోళ్లు ఊళ్లో ఉండారు. సముద్రపు ఇసక అంతే, ఉప్పూ గవ్వల సున్నమూ. ఇసక కావాలంటే పెన్న ఇసకే. సరే, పొట్టులో ఉప్పుంటే కడుగుదాం. నాలుగు కడుగుళ్లకి పోదా?

మేనకోడలు: సగం పోతుంది. నీళ్లలో కరిగి ఉన్నది కారిపోతుంది. పొట్టు నారకి అంటుకుని ఉన్న సోడియం మాత్రం ఉత్త నీళ్లకి కదలదు. దాన్ని తోసి ఆ చోట కూర్చునేది కాల్షియం. అందుకే మంచి నర్సరీలవాళ్లు కాల్షియం నైట్రేటు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి మళ్లీ కడుగుతారు.

మావయ్య: ఆగాగు. చౌడు కయ్యకి మేము జిప్సం జల్లి, నీళ్లు గట్టి, కాలవలోకి వదిలేస్తాం. నువ్వు చెప్పేది అదే గదా?

మేనకోడలు: అచ్చంగా అదే మావయ్యా. జిప్సంలోనూ కాల్షియమే.

మావయ్య: చెనిక్కాయకి తెచ్చిన జిప్సం అర సంచి పాకలో ఉండాది. దానికి నైట్రేటు కొనేదెందుకు?

మేనకోడలు: జిప్సం నీళ్లలో తొందరగా కరగదు. లీటరుకి రెండు గ్రాముల పైన కాస్త, అంతే. కాబట్టి ఒక్క రాత్రి చాలదు. నాలుగైదు రోజులు నానబెట్టి, మధ్యమధ్యలో కలియబెట్టి, అప్పుడు కడగాలి. పని అవుతుంది, ఆలస్యంగా అవుతుంది.

మావయ్య: మాకు తొందరేముంది? ఏ నీళ్లతో కడుగుతావో అది చెప్పు. మీ నెల్లూరు అపార్టుమెంటు బోరు నీళ్లు నోట్లో పోసుకోగలవా?

ఉప్పు నీళ్లతో ఉప్పు కడగడం కుదరదు. ఈ తీరంలో కుండీ మట్టి చవకా ఖరీదా అన్నది తేల్చేది దుకాణం కాదు, నీళ్లు. ఇసుక నేలలో కురిసిన వాన ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలికగా ఒక పొరలా నిలుస్తుంది. లోతు బోరు వేసి జోరుగా తోడితే కిందున్న ఉప్పు పైకి లేస్తుంది. అందుకే మన పెద్దలు లోతుకి పోకుండా ఇసుకలో వెడల్పాటి గుంత తీసి ఆ పైపొరనే చేదుకున్నారు. అదే దొరువు. తోటపల్లి గూడూరు మండలంలో ముంగలదొరువు అని ఊరే ఉంది. కడవలతో ఆ నీళ్లు మోసి నారుమళ్లు పెంచిన చేతులు ఇంకా ఉన్నాయి. బాపట్లలో ఉప్పునీటి సేద్యం మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఈ దొరువునే తీసుకుని, ఇసుకలో బెజ్జాలున్న గొట్టాలు అడ్డంగా పరిచి మధ్య బావిలోకి మంచినీటి పొరను మాత్రం రాబట్టే పద్ధతి తయారుచేశారు. కుండీ మట్టి గురించి మాట్లాడుతూ ఎటో పోయాననుకోకండి. మొక్కకి పోసే ప్రతి చెంబులోనూ ఉప్పుంటే, ఎంత మంచి మట్టయినా ఏడాది తిరిగేసరికి చౌడు కయ్యే. హాల్లో కుండీకి వాన తగలదు. ఆరుబయట ఉప్పును కడిగే పని వాన చేస్తుంది, లోపల ఎవరూ చెయ్యరు.

మేనకోడలు: మా ఇంట్లో తాగేనీళ్లలో ఉప్పెంతో చూసుకునే టీడీఎస్ పెన్ను ఉంది, తెచ్చాను. పోసే నీళ్లు ఎంత చూపిస్తున్నాయో చూడు. పొట్టులోంచి కారిన నీళ్లు ఎంతో చూడు. మొదటి కడుగుడికి ఆకాశానికి పోతుంది. కారిన నీళ్ల అంకె పోసిన నీళ్ల అంకెకి దగ్గరపడ్డాక ఆపు. ఆర్వో మిషను బయటికి తోసే నీళ్లు వృథా ఎందుకని కొందరు మొక్కలకి పోస్తారు. అందులో ఉన్న ఉప్పు మొదటి నీళ్లకంటే ఎక్కువ, అవి నేల తుడవడానికి వాడుకో. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పే ఉండదు, కుండీలకు అవి పొయ్యి.

మావయ్య: పెన్ను ఎందుకు, నాలిక లేదా? సరే, పెట్టు. ఇప్పుడు నా మాట విను. గాలి కావాలంటివి. గాలికి ఊక ఉండాది. కొబ్బరి ఎక్కడినుంచో రావాల, ఊక మన మిల్లులోదే. ఎడగారు పంట వడ్లు ఆడినప్పుడు గుట్టలు పోస్తారు. ఒకప్పుడు తీసకపోండి బాబూ అని బతిమాలేవాళ్లు. ఇప్పుడు బాయిలర్లకీ ఇటుక బట్టీలకీ అమ్ముకుంటుండారనుకో, అయినా సంచి నీ పెర్లైటు ముందు ఏమూల?

మేనకోడలు: పచ్చి ఊక పోస్తే అందులో మిగిలిన గింజలు మొలుస్తాయి. నీ హాల్లో వరి పండుతుంది.

మావయ్య: ఉప్పుడు బియ్యం మిల్లు ఊక తెస్తే మొలవదు, ఆ వడ్లు ముందే ఉడికుంటాయి. అయినా నేను పచ్చిది పొయ్యను. మాడుస్తాను.

మేనకోడలు: మిల్లు వెనక తెల్లబూడిద గుట్ట ఉంటుంది, అది కాదు కదా? అది మెత్తటి పొడి, మట్టి సందులు పూడ్చేస్తుంది. పైగా క్షారం.

మావయ్య: బూడిదకీ బొగ్గుకీ తేడా తెలీకుండానే ఇన్నేళ్లు పొయ్యి మండించామా? పాత నూనె డబ్బాకి చుట్టూ బెజ్జాలు కొట్టాల. లోపల నాలుగు పుల్లలు ఎలిగించి, పైన రేకు గొట్టం పొగకి నిలబెట్టి, చుట్టూ ఊక గుట్టగా పొయ్యాల. మంట రాకూడదు, కుములుతూ పోవాల. లోపలినుంచి నలుపు బయటికి పాకుతుంది. అడుగుది పైకి, పైది అడుగుకి పారతో తిప్పతా ఉండాల. మొత్తం నల్లబడిందా, నీళ్లు జల్లి పలచగా పరిచెయ్యాల. ఒక్క గంట ఏమరితే తెల్లబడిపోతుంది, అప్పుడది నువ్వు చెప్పిన బూడిదే.

మేనకోడలు: జపాన్‌లో దీన్ని కుంతాన్ అంటారు, వరి నారు పెంచే ట్రేల్లో వాడతారు. ఊకలో సిలికా ఎక్కువ, అందుకే మాడ్చినా ఆకారం చెదరదు. దోనెలాంటి ఆ ఆకారమే మట్టిలో గాలి సందులు నిలబెడుతుంది. కొబ్బరి పొట్టు ఏడాది రెండేళ్లకు చివికి కుంగుతుంది, ఇది కుంగదు.

మావయ్య: మరి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు?

మేనకోడలు: నువ్వు కయ్య మట్టి అన్నావు కానీ ఊక బొగ్గు అనలేదు కదా! ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, వాడేముందు రెండుసార్లు కడగాలి, దానిలోనూ క్షారం కొంత ఉంటుంది. మిశ్రమంలో దాని పాలు కూడా నాలుగో వంతు మించనివ్వకు.

నూరు కిలోల వడ్లకు ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. నెల్లూరు లాంటి వరి సీమలో అది ఎంతవుతుందో పాఠకులు ఊహించుకోవచ్చు. ఆ సీమవాళ్లే ఆన్‌లైన్‌లో పెర్లైటు తెప్పించుకుంటున్నారంటే నాకు పెద్దాయన కోపం అర్థమవుతుంది.

మావయ్య: గాలి కుదిరింది. తిండో? నీ సంచీలో బలం ఎన్నాళ్లుంటుంది?

మేనకోడలు: రెండు మూడు నెలలు. పొట్టులో నత్రజని లేనట్టే. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి నీళ్లలో కరిగే ఎరువు పలచగా కలిపి పోయాలి.

మావయ్య: నువ్వు పోస్తావా? నిజం చెప్పు.

మేనకోడలు: పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో పొయ్యను.

మావయ్య: ఎవరూ పొయ్యరు. అందుకే మట్టి ఉండాలంటాను. పొదలకూరు పక్క నుంచి వచ్చే ఎర్రమట్టి జల్లించి ఒక పాలన్నా వెయ్యి. మట్టి అన్నది తిండిని పట్టుకుని నిదానంగా పెడుతుంది. మన తప్పుల్ని కాస్తుంది. మొక్కకీ కాస్త బరువుండాల. ఆ అరెకా పామ్ ఉత్త పొట్టులో నిలబడితే ఫ్యాను గాలికే పడుతుంది.

మేనకోడలు: ఇంగ్లండులో 1930ల్లో జాన్ ఇన్నెస్ సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు కుండీ మొక్కలకి ఒకే మట్టి కలపడం మీద ఏళ్లు పనిచేశారు. అప్పటిదాకా ఒక్కో తోటమాలిది ఒక్కో రహస్య పాకం. వాళ్లు తేల్చింది ఏడు పాళ్లు మట్టి, మూడు పాళ్లు పీటు, అంటే చిత్తడి నేలల్లో చివికిన నాచు, రెండు పాళ్లు ఇసుక.

మావయ్య: చూశావా! దొరలే ఏడు పాళ్లు మట్టి అంటే...

మేనకోడలు: ఆగు. వాళ్ల మట్టి పచ్చిక గడ్డలు పేర్చి మాగబెట్టి, ఆవిరితో ఉడికించింది. నీ బంక కాదు. అలాంటి మట్టి దొరకడం కష్టమైపోయి 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవాళ్లు సన్నటి ఇసుక, పీటు మాత్రమే కలిపే పద్ధతి అచ్చేశారు. 1960ల్లో కార్నెల్‌వాళ్లు ఇసుక కూడా తీసేసి పీటులో పెర్లైటో, దానిలాంటిదే అయిన వెర్మిక్యులైటో కలిపారు. ఇప్పుడు నేను తెచ్చిన సంచి ఆ వంశంలోదే, పీటు బదులు కొబ్బరి పొట్టు. లక్షల మొక్కలు పెంచే నర్సరీకి తేలిక మట్టి కావాలి, లారీ కిరాయి కలిసొస్తుంది. రోజూ నీళ్లలో ఎరువు కలిపి పోసే మనుషులూ ఉంటారు.

మావయ్య: అదీ సంగతి. అది లారీ ఎక్కే మొక్క కోసం కనిపెట్టిన మట్టి. మన మొక్క యాడికీ పోదు. హాల్లోనే ఉంటుంది.

ఈ ఒక్క మాటకి పెద్దాయనకు నా ఓటు. మట్టి లేని మిశ్రమం నర్సరీకి చవక, మరిచిపోయే మనిషి ఇంటికి కాదు. అయిదు పాళ్లలో ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి కలిపితే గాలికి వచ్చే నష్టం తక్కువ, ఎరువు కాపాడే లాభం ఎక్కువ. బంకమట్టిలో ఇసుక కలిపి గుల్ల చేద్దామనుకునే వాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. కొంచెం ఇసుక కలిపితే బంక ఇంకా గట్టిపడుతుంది. గుల్ల కావాలంటే ఇసుకే ఎక్కువ పాళ్లుండాలి, అప్పుడు కుండీని ఇద్దరు మోయాలి.

ఎరువు దగ్గర ఇద్దరికీ పెద్దగా పేచీ లేదు. పెద్దాయన నెల్లూరు గొర్రెల పెంటికలంటే ప్రాణం పెడతాడు. అవి ఏడాది మాగి, వాసన పోయి, వేళ్ల మధ్య పొడి అయితేనే ఇంట్లోకి రానిస్తానంది అమ్మాయి. పచ్చి ఎరువున్న తడి మట్టిలో నల్లటి చిన్న ఈగలు పుట్టి టీవీ ముందు ఎగురుతాయి. మొత్తంలో ఆరో వంతు దాటకూడదని కూడా అంది. ఎరువులోనూ ఉప్పుంటుంది కదా. వానపాముల ఎరువయితే కొనొచ్చు, ఆ మాటకి పెద్దాయన మూతి ముడిచాడు గానీ కాదనలేదు.

మావయ్య: ఇంతకీ ఏది గుల్లో ఏది కాదో చేత్తో చూసి చెప్తాను. నీ శాస్త్రం ఎట్టా చెబుతుంది?

మేనకోడలు: కొలిచి. ఒక కుండీ బొక్కలు మైనంతో మూసి, నీళ్లు అంచుదాకా ఎన్ని లీటర్లు పడతాయో చూడు. ఆ నీళ్లు పారబోసి మట్టి నింపు. నెమ్మదిగా నీళ్లు పోసి సందులన్నీ నిండేదాకా, పైన మెరిసేదాకా తడుపు. కాసేపు ఆగి కింద గిన్నె పెట్టి బొక్కలు తెరువు. పూర్తిగా కారాక గిన్నెలో ఎన్ని నీళ్లొచ్చాయో చూడు. అవి కారిన చోటంతా ఇప్పుడు గాలి. కుండీ పట్టే నీళ్లు నాలుగు లీటర్లనుకో, కారినవి అర లీటరైనా ఉంటే నూటికి పన్నెండు వంతులు గాలి. పదికీ ఇరవైకీ మధ్య ఉండాలి. ఇంట్లో మొక్కకి పదిహేను పైనుంటే మంచిది.

పొట్టు దిమ్మ ఒకటి కొని నానబెట్టి కడిగి, ఊక మాడ్చి, వారం తర్వాత మూడు కుండీలు పెట్టారు. కయ్య మట్టి కుండీ గిన్నెలోకి నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది. పెద్దాయన దాని వంక చూడలేదు. కొన్న సంచి బాగా కార్చింది. కడిగిన పొట్టు, ఊక బొగ్గు, ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిపినది సంచికి ఏమీ తీసిపోలేదు.

మావయ్య: చూశావా?

మేనకోడలు: చూశాను. అయితే ఇందులో కయ్య మట్టి లేదు మావయ్యా.

మావయ్య: నీ సంచీ కూడా లేదు గదమ్మే. ఆ పొట్టు దిమ్మ ఒక్కటే కొన్నది.

మేనకోడలు: నీ కూలి లెక్కేశావా? ఊక మాడ్చడం ఒక పూట, పొట్టు నానబెట్టి కడగడం వారం. రెండు కుండీలున్న ఇంటికి ఇదంతా దండగ, సంచి కొనుక్కోవడమే చవక. నువ్వెంత చెప్పినా మా అపార్టుమెంటులో ఊక మాడ్చనివ్వరు. పదిహేను ఇరవై కుండీలుంటేనో, నలుగురు కలిసి చేసుకుంటేనో నీది గెలుస్తుంది.

మావయ్య: పొట్టు మాగబెట్టుకునే దారి లేదా? ఊరికే కడుగుతా కూర్చునే బదులు?

మేనకోడలు: ఉంది. అలప్పుళ దగ్గర కలవూరులో కాయిర్ బోర్డు పరిశోధనా సంస్థ ఉంది. వాళ్లు పుట్టగొడుగు విత్తనంతో పొట్టును నెల రోజుల్లో నల్లటి ఎరువుగా మార్చే పద్ధతి తెచ్చారు, పిత్ ప్లస్ అంటారు. పొట్టు పొరల మధ్య ఆ విత్తనమూ యూరియా చల్లి తడి ఆరకుండా చూడటమే. ట్రాక్టరు పొట్టు తోలుకుంటానన్నావు కదా, అది నీలాంటివాళ్లకి. నాకు కాదు.

ఇంతలో వరండాలో దించిన అరెకా పామ్‌లు రెండింటి నల్ల కవర్లు అమ్మాయి చీల్చింది. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్కలు. వేళ్ల చుట్టూ గట్టి మట్టి ముద్ద.

మేనకోడలు: ఈ ముద్ద నీళ్లలో నానబెట్టి మొత్తం కడిగేసి కొత్త మట్టిలో పెట్టాలి. చుట్టూ గుల్ల మట్టి, మధ్యలో బంకముద్ద ఉంటే పైన పొడిగా కనబడుతుంది, లోపల బురదగా ఉంటుంది. ఎప్పుడు నీళ్లు పోయాలో ఎవరికీ తెలియదు.

మావయ్య: పామ్ జాతి వేరు ముట్టుకుంటే అలుగుతుంది. తాటి మొక్కని పెకిలించి నాటి బతికించినోణ్ణి నేను చూళ్లేదు. ముద్దతోనే పెట్టు. చుట్టూ కడ్డీతో నాలుగు పోట్లు పొడువు, చాలు.

మేనకోడలు: అలుగుతుంది, నెలకి తేరుకుంటుంది. కడగకపోతే ఏడాదికి చస్తుంది.

మావయ్య: నీది నువ్వు కడుక్కో. నాది ముద్దతోనే పెడతాను. కాకపోతే ఒకటి, ఆ పంపు దగ్గర కూర్చుని బోరు నీళ్లతో కడిగావంటే ఊరుకోను. బకెట్ తీసుకో, దొరువు కాడికి పోదాం పా.